తెలుగు నేర్చుకుంటామన్నవారికి ఏ యాప్ చెప్పాలి?

సంపాదకులకు నమస్కారం.

భాషలు నేర్పే యాప్‌లను పోలుస్తూ మీ పత్రిక ఇటీవల ప్రచురించిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ఏ యాప్‌లో ఎన్ని భాషలున్నాయి, నెలకు చందా ఎంత, వాడినవారు ఎన్ని నక్షత్రాలు ఇచ్చారు వంటి వివరాలు అందులో చక్కగా ఉన్నాయి. అయితే విశాఖపట్నం లాంటి ఊళ్ళో ఉండేవారికి తరచూ ఎదురయ్యే ఒక ప్రశ్న మాత్రం అందులో కనబడలేదు. తెలుగువాళ్ళం బయటి భాషలు నేర్చుకోవడానికి ఏ యాప్ మంచిదన్నది ఒక ప్రశ్న. మన ఊరికి వచ్చి, మన భాష నేర్చుకుంటామని అడిగేవారికి ఏ యాప్ చూపించాలన్నది మరొకటి. మొదటిదానికి జవాబులు చాలానే ఉన్నాయి, రెండోదానికి ఉన్నవి వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఎందుకిలా జరిగిందో ఆ సంస్థల పుట్టుపూర్వోత్తరాలు, రాబడి లెక్కలు చూస్తే తెలుస్తుంది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడవుగా ఉన్నా వీలైతే పూర్తిగా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఒక్క సంవత్సరాలు తెలుగు చెప్పి పదవీ విరమణ చేశాను. రెండేళ్ళుగా మా ఇంట్లో ఇద్దరు విద్యార్థులు ఉన్నారు. ఒకరు మా చెల్లెలి కూతురు. నర్సింగ్ చదివి, జర్మనీలో ఉద్యోగానికి వెళ్ళాలని జర్మన్ నేర్చుకుంటోంది. రెండోవారు మా మేడమీద అద్దెకుంటున్న హర్యానా అమ్మాయి. భర్త నౌకాదళంలో పనిచేస్తాడు. తూర్పు నౌకాదళ ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉంది కనుక అలాంటి కుటుంబాలు మన నగరంలో వేలల్లోనే ఉంటాయి. ఉక్కు కర్మాగారానికీ, ఓడరేవుకూ, సాఫ్ట్‌వేర్ కంపెనీలకూ వచ్చినవారు వేరే. ఈ ఇద్దరి ఫోన్లలో పాఠాలను నేను పక్కన కూర్చుని చూశాను. పిల్లలకు అక్షరాలు దిద్దించిన చేతికి ఏ పాఠం ఎందుకు తలకెక్కుతుందో, ఎందుకు ఎక్కదో కొంత తెలుస్తుందని నా నమ్మకం.

ముందుగా సంస్థల సంగతి. అందరి నోటా వినబడే డ్యుయోలింగో 2011లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో మొదలైంది. స్థాపకులు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు లూయిస్ ఫాన్ ఆన్, ఆయన విద్యార్థి సెవెరిన్ హ్యాకర్. ఫాన్ ఆన్ పుట్టి పెరిగింది గ్వాటెమాలాలో. ఇంగ్లిష్ వస్తే బతుకు మారుతుందని తెలిసి కూడా, ఫీజు కట్టలేక ఆగిపోయేవారిని ఆయన దగ్గరగా చూశారు. మన ఊళ్ళో తల్లిదండ్రులకు ఈ బాధ వేరే వివరించనక్కరలేదు. అందుకే పాఠాలు ఉచితంగా ఇవ్వాలని ఆయన సంకల్పించారు. నేర్చుకునేవారు చేసే అనువాదాలను వార్తా సంస్థలకు అమ్మి ఖర్చులు రాబట్టుకోవచ్చని మొదట అనుకున్నారు. 2013లో సీఎన్ఎన్, బజ్‌ఫీడ్ సంస్థలతో అలాంటి ఒప్పందాలు కూడా కుదిరాయి. ఆ పద్ధతి నిలవలేదు. తర్వాత ప్రకటనలు, చందాలు వచ్చాయి. 2021 జూలైలో కంపెనీ వాటాలు అమెరికా స్టాక్ మార్కెట్ నాస్‌డాక్‌లో నమోదయ్యాయి. 2024లో దాని ఆదాయం దాదాపు 74.8 కోట్ల డాలర్లు. ఆ ఏడాది చివరినాటికి నెలలో ఒక్కసారైనా తెరిచి చూసేవారు 11.6 కోట్లకు పైగా ఉండగా, వారిలో డబ్బు కట్టేవారు 95 లక్షలు. అంటే నూటికి ఎనిమిది మంది కట్టే చందా మీదే ప్రధానంగా బండి నడుస్తోంది. ఆ ఎనిమిది మంది ఏ భాష అడుగుతారో ఆ భాషకే పాఠాలు ముందు పెరుగుతాయి. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు, వ్యాపారం అలాగే ఉంటుంది. కానీ మన భాషను ఆ లెక్కకు వదిలేసి కూర్చోవచ్చా అన్నదే నా ఆవేదన.

ఒక ఉదాహరణ చూడండి. ఒక టెలివిజన్ ధారావాహిక కోసం కల్పించిన హై వలేరియన్ అనే భాషకు డ్యుయోలింగోలో 2017లోనే కోర్సు వచ్చింది. మరో కల్పిత భాష క్లింగన్‌కు 2018 తొలి నెలల్లో వచ్చింది. కోట్లమంది మాట్లాడే హిందీని ఇంగ్లిష్ ద్వారా నేర్చుకునే కోర్సు ఆ తర్వాత, 2018 జూలైలో వచ్చింది. ఇది చూసి ఆ సంస్థ మీద కోపం తెచ్చుకోవడం కన్నా కారణం తెలుసుకోవడం మేలు. అప్పట్లో చాలా కోర్సులను స్వచ్ఛంద కార్యకర్తలే తయారుచేసేవారు. 2013లో సంస్థ తెరిచిన ఆ ఏర్పాటులో ఏ భాషకు పట్టుదల గల మనుషులు దొరికితే ఆ భాషకు పాఠాలు పుట్టాయి. వలేరియన్‌కు అభిమానులు దొరికారు. ఎనిమిది కోట్ల మందికి పైగా మాతృభాషగా 2011 జనాభా లెక్కల్లో నమోదైన తెలుగు మాత్రం ఆ జాబితాకు ఎక్కలేదు. 2021లో ఆ స్వచ్ఛంద ఏర్పాటును మూసేశారు. ఇప్పుడు మనం ముందుకు వచ్చి రాస్తామన్నా ఆ తలుపు లేదు.

2025 ఏప్రిల్‌లో అదే సంస్థ కృత్రిమ మేధ సాయంతో ఒక్కసారే 148 కొత్త కోర్సులు విడుదల చేసింది. మొదటి వంద కోర్సులకు పన్నెండేళ్ళు పట్టిందని, ఇవి ఏడాదిలో తయారయ్యాయని ప్రకటించుకుంది. అయితే ఆ కొత్త కోర్సులన్నీ స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్, ఇటాలియన్, జపనీస్, కొరియన్, చైనీస్ అనే ఏడు భాషలను మరింతమందికి అందించేవి. తెలుగు మాధ్యమంగా ఇంగ్లిష్ నేర్చుకునే కోర్సు డ్యుయోలింగోలో ఉంది. జైపూర్‌లో పుట్టిన హలో ఇంగ్లిష్ అనే యాప్ అంతకు చాలా ముందునుంచే ఆ పని చేస్తోంది. అంటే తెలుగు నుంచి బయటికి వెళ్ళే దారులు ఏటేటా వెడల్పు అవుతున్నాయి. బయటివారు తెలుగులోకి వచ్చే దారి మాత్రం, నేను మొన్న వెతికినప్పుడు కూడా, డ్యుయోలింగోలో కనబడలేదు.

మిగిలిన పెద్ద సంస్థల సంగతి తొందరగా చెప్పేస్తాను. బెర్లిన్‌లో పుట్టిన బాబెల్‌లో ఉన్నవి పద్నాలుగు భాషలు, వాటిలో భారతీయ భాష ఒక్కటీ లేదు. కామెరూన్‌లో కనుమరుగవుతున్న ఒక భాష పేరు పెట్టుకున్న బుసూను 2022లో అమెరికన్ సంస్థ చెగ్ కొనుక్కుంది. అక్కడా మన భాషలకు చోటు లేదు. 1992లో వర్జీనియాలో మొదలైన రొసెట్టా స్టోన్ 2020లో ఒకరి చేతికి, 2021లో మరొకరి చేతికి మారింది. దానిలో హిందీ ఉంది, తెలుగు లేదు. తెలుగు నేర్పేవాటిలో అమెరికా గ్రంథాలయాల ద్వారా పాఠకులకు ఉచితంగా అందే మ్యాంగో లాంగ్వేజెస్, థాయ్‌లాండ్‌లో పుట్టిన లింగ్ చెప్పుకోదగినవి. మన కేంద్ర విద్యాశాఖ 2021లో తెచ్చిన భాషా సంగమ్ యాప్‌లో ఇరవై రెండు భాషల్లో రోజువారీ వాక్యాలు వందకు పైగా ఉన్నాయి. పలకరింపుకు అవి చాలు, కాపురానికి చాలవు.

ఇక పాఠం నాణ్యత. నా ఉద్దేశంలో అసలు చిక్కు ఇక్కడుంది. ఈ యాప్‌లలో చాలావాటికి మూసలు ఐరోపా భాషలను ముందు పెట్టుకుని పోసినవి. తెర మీద మాటల ముక్కలు పరచి, వాటిని వరుసలో పేర్చమంటారు. స్పానిష్‌కు, జర్మన్‌కు అది బాగానే నడుస్తుంది. తెలుగులో ‘వెళ్ళాలనుకుంటున్నాను’ అన్నది ఒక్క ముక్క. అందులో వెళ్ళడం ఉంది, కోరిక ఉంది, కాలం ఉంది, ఎవరు వెళ్తున్నారో కూడా ఉంది. ‘రాలేకపోయాను’ కూడా అంతే. ముక్కను ముక్కగానే తెర మీద పెడితే నేర్చుకునేవారు దానిని చిత్రపటంలా గుర్తుపడతారే తప్ప విడదీసి మరో మాట కట్టుకోలేరు. బడిలో మేము క్రియలను విడగొట్టి, చివర ‘ను’, ‘వు’, ‘డు’, ‘ది’ మార్చి మార్చి చెప్పించేవాళ్ళం. ఆ పని చేయించే యాప్ నాకు ఇంతవరకూ ఎదురు కాలేదు.

మరొక సంగతి. మేడమీద అమ్మాయి ఒక సాయంత్రం కిందికి వచ్చి, “ఆంటీ, మనం రేపు ఊరు వెళ్తున్నాం, తాళం మీ దగ్గర పెడతాను” అంది. పక్కనే ఉన్న మా చెల్లెలు కంగారుపడి నా వంక చూసింది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. హిందీలో ‘హమ్’ ఒక్కటే, ఇంగ్లిష్‌లో ‘వియ్’ ఒక్కటే. తెలుగులో వింటున్నవారిని కలుపుకుంటే ‘మనం’, కలుపుకోకపోతే ‘మేము’. ఆవిడ ఫోనులో రెండిటికీ ఒకే అర్థం రాసి ఉంది. ఈ తేడా ఒక్క వాక్యంలో చెప్పవచ్చు, చెప్పే మనిషి ఉండాలి. అలాగే ‘వాడు’, ‘అతను’, ‘ఆయన’ మధ్య దూరం బొమ్మ చూపిస్తే అర్థమయ్యేది కాదు. అనువాదం లేకుండా బొమ్మలతోనే నేర్పే రొసెట్టా స్టోన్ పద్ధతికి మంచి పేరుంది కానీ, అత్తగారిని ‘ఆమె’ అనాలా ‘ఆవిడ’ అనాలా అన్నది ఏ బొమ్మలో చూపిస్తారు?

సీతమ్మధార రైతుబజారుకు ఆ అమ్మాయితో కలిసి వెళ్ళిన రోజు నాకు బాగా గుర్తుంది. యాప్‌లో నేర్చుకున్న వాక్యాన్ని దారి పొడుగునా వల్లెవేసుకుంది. బెండకాయల కుప్ప ముందు నిలబడి, “ఇవి కిలో ఎంత ధర అండి?” అని స్పష్టంగానే అడిగింది. కూరగాయలమ్మే ఆవిడ ఎంతో సంతోషపడి, “అరకేజీ ఇరవై అమ్మా, లేతయే, కావాలంటే ఇరిచి సూడు, ఏటి, తూకం ఎయ్యమంటావా?” అంది. ఆ జవాబులో ఒక్క మాటా ఆ అమ్మాయికి అందలేదు. ‘విరిచి’ని ‘ఇరిచి’ అంటారని, ‘ఏమిటి’ ఇక్కడ ‘ఏటి’ అవుతుందని, ‘పావు’, ‘అర’, ‘ముప్పావు’ తెలియకుండా కూరగాయలు కొనలేమని ఫోను చెప్పలేదు. నేను ఒక కాయ తీసి కొస విరిచి చూపించాను. ‘ఇరిచి’ అన్న మాట ఇక ఆ అమ్మాయి మరిచిపోలేదు. ఇంటికి వచ్చాక నోటుపుస్తకంలో దేవనాగరి లిపిలో మొదట రాసుకున్నది అదే. ఆవిడ ఫోనులో ఈ రెండేళ్ళలో మూడు నాలుగు యాప్‌లు మారాయి కాబట్టి ఫలానా యాప్ అని పేరు పెట్టి చెప్పడం నా ఉద్దేశం కాదు. రాసిన తెలుగు ఒకచోట, వినబడే తెలుగు మరొకచోట ఉండిపోవడం అన్నిటిలోనూ చూశాను.

జర్మన్ నేర్చుకునేవారికి మాత్రం ఇంత కష్టం లేదు. మా చెల్లెలి కూతురికి రోజూ పది నిమిషాల అలవాటు వేసింది డ్యుయోలింగోయే. వరస రోజులు తెగకుండా చూసుకోవాలన్న పట్టుదలతో పెళ్ళిళ్ళకు వెళ్ళినప్పుడు కూడా పాఠం మానలేదు. నామవాచకాల ముందు వచ్చే ‘డేర్’, ‘డీ’, ‘దాస్’ అలా నోటికి వచ్చాయి. వ్యాకరణం వివరంగా కావలసినవారికి బాబెల్ పాఠాలు ఎక్కువ ఉపయోగమని నాకు తోచింది, కాకపోతే అది చందా కట్టి చదువుకోవలసినది. అయినా జర్మనీలో నర్సుగా గుర్తింపుకు సాధారణంగా అడిగే బీ2 స్థాయికి, అంటే ఐరోపా భాషా ప్రమాణంలోని ఆరు మెట్లలో నాలుగోదానికి, యాప్ ఒక్కటే చేర్చదు. ఆ పరీక్షల్లో చదవడం, వినడం, రాయడంతోపాటు ఎదురుగా మనిషిని పెట్టుకుని మాట్లాడటం కూడా ఉంటుంది. మా అమ్మాయి తరగతికి వెళ్ళడం మొదలుపెట్టాకే మాట్లాడటంలో బెరుకు పోయింది. ఇంగ్లిష్ పరీక్ష విషయంలోనూ తల్లిదండ్రులు ఒకటి గమనించాలి. విదేశీ విశ్వవిద్యాలయాలు కొన్ని అంగీకరించే డ్యుయోలింగో ఇంగ్లిష్ టెస్ట్ వేరు, ఫోనులో ఆడుతూ పాడుతూ చేసే పాఠాలు వేరు. యాప్‌లో వచ్చిన పాయింట్లను పరీక్ష మార్కులుగా చూపించలేము.

డబ్బు విషయం కూడా చెప్పక తప్పదు. పేరు చెప్పదలచుకోని ఒక సంస్థ యాప్‌లో మా అమ్మాయి ఏడు రోజుల ఉచిత గడువు తీసుకుంది. నచ్చక మూడో రోజే యాప్‌ను ఫోనులోంచి తీసేసింది. ఎనిమిదో రోజు ఏడాది చందా మొత్తం ఖాతాలోంచి పోయింది. సంస్థకు రెండు మెయిళ్ళు రాస్తే నిబంధనల పేజీని తిరిగి పంపారు తప్ప డబ్బు ఇవ్వలేదు. ఉద్యోగం ఇంకా రాని పిల్లకు అది చిన్న మొత్తం కాదు. యాప్‌ను తీసేస్తే చందా రద్దు కాదని, ప్లే స్టోర్‌లోని చందాల విభాగానికి వెళ్ళి విడిగా రద్దు చేయాలని చాలామందికి తెలియదు. ఇలా దానంతటదే కోసుకునే చెల్లింపులపై రిజర్వు బ్యాంకు నిబంధనలు 2021 అక్టోబరు నుంచి అమల్లో ఉన్నాయి. కోతకు కనీసం ఇరవై నాలుగు గంటల ముందు ఖాతాదారుకు సమాచారం రావాలి, వద్దనుకుంటే ఆపుకునే వీలుండాలి. ఆ సందేశం వస్తే ప్రకటన అనుకుని తుడిచేయకుండా చదవమని మీ పాఠకులకు నా మనవి.

ఇప్పుడు నేను కోరేది ఏమిటో చెబుతాను. పెద్ద సంస్థలు లాభం చూసుకుని ఎప్పుడో ఒకప్పుడు తెలుగు పాఠాలు చేస్తాయని ఎదురుచూడటం నాకు సమ్మతం కాదు. చేసినా యంత్రం అల్లిన వాక్యాలు, యంత్రం పలికిన గొంతు వస్తాయేమోనని భయం. పాఠాలకు కావలసిన ముడిసరుకు మనమే సిద్ధం చేయాలి. వెయ్యి వాక్యాలు, ప్రతి వాక్యం ఇద్దరు ముగ్గురు నిజమైన మనుషుల గొంతుల్లో, ఒకటి విశాఖ పలుకుబడిలో, ఒకటి గోదావరిలో, ఒకటి రాయలసీమలో. పక్కన హిందీలో, ఇంగ్లిష్‌లో అర్థం, క్రియలను విడగొట్టి చూపే చిన్న వివరణ. ఇవి ఎవరైనా ఉచితంగా తీసుకుని ఏ యాప్‌లోనైనా పెట్టుకునేలా బహిరంగంగా ఉంచాలి. 1926 నుంచి ఉన్న ఆంధ్ర విశ్వకళాపరిషత్తు మన ఊళ్ళోనే ఉంది. తెలుగు శాఖ ఉంది, భాషాశాస్త్రం తెలిసినవారున్నారు, నేర్చుకోవాలనుకునే వేలాదిమంది నౌకాదళ క్వార్టర్లలో ఉన్నారు. మైసూరులోని భారతీయ భాషల కేంద్ర సంస్థ ఇతర రాష్ట్రాల ఉపాధ్యాయులకు దశాబ్దాలుగా తెలుగు నేర్పుతోంది, ఆ పాఠ్యప్రణాళికలు ఉపయోగించుకోవచ్చు. జీతం ఆశించకుండా తెలుగువాళ్ళు పనిచేస్తారా అన్న అనుమానం ఉన్నవారు తెలుగు వికీపీడియాను చూడవచ్చు. 2003లో మొదలై లక్ష వ్యాసాలు దాటినది స్వచ్ఛంద కార్యకర్తల చేతులమీదుగానే. విదేశాల్లోని పిల్లలకు 2007 నుంచి తెలుగు చెబుతున్న సిలికానాంధ్ర మనబడి కూడా అలాంటి మనుషుల శ్రమే.

మన్యంలోని భాషల మాట కూడా ఇక్కడే చెప్పాలి. కువి, గదబ, సవర మాట్లాడే పిల్లలు పాడేరు నుంచి, సీతంపేట నుంచి ఈ నగరానికి చదువుకు వస్తున్నారు. కెనడాలోని కహ్నవాకేలో ఉండే మొహాక్ ఆదివాసీ ప్రజలు తమ భాషకు రొసెట్టా స్టోన్ చేత పాఠాలు చేయించుకుని, వాటిపై హక్కు తమ దగ్గరే ఉంచుకున్నారు. అలాంటి ఏర్పాటు ఇక్కడ ఎందుకు సాధ్యం కాదు? ఉత్తరాంధ్రవాడైన గిడుగు రామమూర్తి పంతులుగారు నూరేళ్ళకు పైగా వెనక, ఏ పుస్తకమూ లేని రోజుల్లో, సవర తెలిసినవారిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు, నిఘంటువు కూర్చారు, సవర పిల్లలకు బడి పెట్టారు. ఏటా ఆగస్టు 29న ఆయన జయంతికి సభలు జరుపుతున్నాం. ఆ సభల ఖర్చులో కొంత ఈ రికార్డింగులకు కేటాయించమని సాంస్కృతిక శాఖను మీ పత్రిక ద్వారా అభ్యర్థిస్తున్నాను.

మీ పత్రికకూ ఒక విన్నపం. నగర అనుబంధంలో రోజుకు ఒక చిన్న గడి కేటాయించి, బజారులో, బస్సులో, ఆసుపత్రిలో వినబడే ఒక తెలుగు వాక్యాన్ని దేవనాగరిలోనూ ఇంగ్లిష్ అక్షరాల్లోనూ అర్థంతో ప్రచురించగలరా? మేడమీద అమ్మాయి కోసం ఈ రెండేళ్ళలో నేను చేత్తో రాసిన పాఠాలు రెండువందల పేజీల నోటుపుస్తకం నిండా ఉన్నాయి. మీకు పనికివస్తాయంటే ప్రతి తీయించి పంపుతాను. భర్తకు వచ్చే ఏడాది కొచ్చికి బదిలీ అవుతుందట, ఆ అమ్మాయి వెళ్ళేలోగా వాక్యాలన్నీ మరొక్కసారి ఆవిడ చేత చదివించి, ఎక్కడ తడబడుతోందో గుర్తుపెట్టి మరీ పంపగలను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని,
సీతమ్మధార, విశాఖపట్నం.